అమ్మ పేరున్న ఆకు

జూన్ 4

మామయ్యకు,

పిడుగు రాస్తున్నది. ఫోన్ చేస్తే "మొక్కల మధ్య ఉన్నానే, చేతులు తడిగా ఉన్నాయి" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీదకి దిగాను. ఉత్తరం దగ్గర తడి చేతుల సాకు చెల్లదు.

అసలు విషయానికి వస్తాను. మా ప్రయోగశాలలో ఫెర్న్ కుటుంబాలన్నిటికీ కలిపి ఒకే వంశవృక్షం గీస్తున్నాం. ఆకు ముక్కలోంచి డీఎన్‌ఏ తీసి, ఏది దేనికి దగ్గర చుట్టమో యంత్రాన్ని అడుగుతాం. ఇన్నాళ్ళూ మీరంతా ఆకు తిరగేసి, వెనక ఉన్న బీజపు గుత్తుల ఆకారం చూసి కుటుంబాలు విడదీశారు కదా. వాటిలో ఏవి నిలుస్తాయో, ఏవి కలిసిపోతాయో దీంతో తేలిపోతుంది. అన్నీ అయిపోయాయి. నువ్వు పెట్టిన కుటుంబం ఒక్కటే మిగిలింది. ఆ కుటుంబంలో ఉన్నది ఒకే ఒక్క మొక్క, అది కూడా మీ బొటానికల్ తోటలో, నువ్వు చూసుకునే అద్దాల గదిలో కుండీలో తప్ప ఇంకెక్కడా లేదు.

సెప్టెంబరు ఆఖరుకి వ్యాసం అచ్చుకి వెళ్ళాలని మా పెద్దాయన పట్టుబట్టాడు. ఈ ప్రయోగశాల ఆయనదే. నవ్వితే ఎవరైనా సెలవు అడుగుతారేమోనన్నట్టు ఉంటాడు. లేత ఆకు ముక్కలు కొన్ని తుంచి, దీంతో పంపిన సంచిలో వేసి పంపించు. సంచిలో ఉన్నవి తేమ పీల్చే గుళికలు, తినేవి కావు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను.

అమ్మ పేరు పెట్టిన మొక్కని నేనే పరీక్ష చేయబోతున్నానంటే చాలా గర్వంగా ఉంది మామయ్యా. అమ్మ ఉంటే వీధంతా చెప్పుకునేది.

నీ మేనకోడలు

జూన్ 15

పిడుగుకి దీవెనలు.

నీ గుళికలు తినలేదు. ఆకు ముక్కలు వేసి పంపుతున్నాను. కుండీ కిటికీ పక్క బల్ల మీద, అక్క ఎక్కడ పెట్టి వెళ్ళిందో అక్కడే ఉంది. దాని మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వను. నీళ్ళు కూడా నేనే పోస్తాను. అక్షరాలు ఇంత లావేమిటని నవ్వకు, కొత్త కలం పాళీ మొద్దుగా ఉంది.

నువ్వు అడక్కపోయినా చెబుతాను, నువ్వు వినాల్సిందే. మీ అమ్మ సర్వే ఆఫీసులో పటాలు గీసేది కదా. ఓసారి కొలతల కోసం వాగు వెంట వెళ్ళి జారిపడింది. పడుతూ పడుతూ చేతికి దొరికింది పట్టుకుంది. అదే ఈ మొక్క. మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చి, మందైనా రాసుకోకుండా ఆకు తిరగేసి నా మొహం మీద పెట్టి, "ఒరేయ్, దీని గిన్నెలు చూడరా" అంది. ఒక్కో బీజపు గుత్తి చుట్టూ ఒక్కో బుల్లి గిన్నె, గిన్నె అంచుకి కుచ్చులు. కాడ నల్లన, ఆకు నున్నన, ఎక్కడా నూగన్నదే లేదు. "పెద్ద కుటుంబంలో పడేయవోయ్" అన్నాడు మా గురువుగారు. ఆ రోజుల్లో పెద్ద కుటుంబం అంటే ఇంట్లో అటక లాంటిది. ఎక్కడ పెట్టాలో తెలియని ఫెర్న్‌నల్లా అక్కడికే విసిరేవాళ్ళు. నేను విసరలేదు. ఇది ఏ పాత కుటుంబంలోనూ ఇమడని కొత్త ప్రజాతి అన్నాను. మా వృత్తిలో తన పేరు తానే పెట్టుకోవడం సిగ్గుమాలిన పని. నాకెలాగూ ఆ ఆలోచన లేదు. అక్క పేరు పెట్టాను. ఆ పేరుకే లాటిన్ తోక తగిలించి కుటుంబం పేరు చేశాను.

తర్వాత కొండచరియ విరిగిపడి ఆ వాగే పూడిపోయింది. ఎంత వెతికినా మొక్క మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు మిగిలినవి ఈ కుండీ, ఎండు మొక్కలు దాచే మా హెర్బేరియం బీరువాలో అక్క తన చేత్తో ఎండబెట్టి కాగితానికి అతికించిన మూల నమూనా. ఫలానా పేరు ఏ మొక్కది అని ఎప్పుడు తగాదా వచ్చినా ఆ కాగితమే సాక్షి.

ఇక్కడ మా డైరెక్టరు అద్దాల గదిలో రంగురంగుల పూలమొక్కలు పెడదామని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఫెర్న్‌లు పూలు పూయవని ఆయనకి నా మీద కోపం.

మామయ్య

జూలై 10

మామయ్యకు,

ఈ ఉత్తరం రాసి, చింపి, మళ్ళీ రాస్తున్నాను.

ఫలితం వచ్చింది. నువ్వు పంపిన ఆకు మా వంశవృక్షంలో వేరే కొమ్మ మీద లేదు. గట్ల మీదా, మురుగు కాలువల పక్కనా మొలిచే నూగు ఫెర్న్ ఉంటుంది కదా, సరిగ్గా దాని పక్కనే వచ్చి కూర్చుంది. పక్కన కూడా కాదు, దాని ఒళ్ళోనే. ఇలాగే అచ్చయితే నీ కుటుంబం పోతుంది. ప్రజాతి కూడా పోతుంది. అమ్మ పేరు పాత పేర్ల జాబితాలోకి పోతుంది, ఇంకెవరూ వాడరు.

పొరపాటు నా దగ్గరే జరిగి ఉండొచ్చు. గొట్టాలు తారుమారు కావడం మాకు కొత్తేమీ కాదు. అందుకని మళ్ళీ ఆకు పంపు. దాంతోపాటు ఒక్క పని చెయ్యి. నువ్వు నాకు చిన్నప్పుడు నేర్పినట్టే భూతద్దం పెట్టి, ఆకు నడిమి ఈనె మీద సూదుల్లాంటి నూగు ఉందేమో చూడు. వీలైతే మూల నమూనా కాగితాన్ని కొన్నాళ్ళు మాకు అరువివ్వు. జాగ్రత్తగా తిప్పి పంపిస్తాం.

కోప్పడకు. ముక్కు మీద కోపం నాకూ మీ ఇంటినుంచే వచ్చింది కాబట్టి ముందే అడుగుతున్నాను.

పిడుగు

జూలై 19

పిడుగుకి,

కోప్పడలేదు. నవ్వాను. నీ యంత్రం రేపు నన్ను కూడా మురుగు కాలువ పక్కన కూర్చోబెడుతుందేమో.

ఆకు మళ్ళీ పంపుతున్నాను, అదే కుండీలోంచి. నువ్వడిగిన జవాబు ఇదిగో. ఆకు రెండు వైపులా నున్నగా ఉండును. నూగు లేదు. బీజపు గుత్తులు ఈనెల చివర, ఒక్కొక్కటి గిన్నె వంటి పొరలో, పొర అంచు కుచ్చులుగా చీలి ఉండును. కాడ నలుపు, మెరుపు. చాలా?

కాగితం మాత్రం బీరువా దాటదు. అది దారిలో పోతే అక్క పేరుకి సాక్ష్యమే లేకుండా పోతుంది. ఈ విషయం మళ్ళీ అడగొద్దు.

నిన్న గదిలో తేమ పెంచే యంత్రం చెడిపోయింది. పొద్దంతా గొట్టంతో నీళ్ళు జల్లుతూనే ఉన్నాను. నడుం పట్టేసింది. మీ పెద్దాయన్ని ఓసారి ఇక్కడికి పంపు, గొట్టం పట్టుకోవడానికి పనికొస్తాడు.

మామయ్య

ఆగస్టు 14

మామయ్య గారికి,

రెండోసారి కూడా అదే ఫలితం. ఈసారి గొట్టాలన్నీ నేనే పట్టుకున్నాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పొరపాటు నాది కాదు.

మీరు పంపిన ఆకుని సూక్ష్మదర్శిని కింద నేనే చూశాను. నడిమి ఈనె నిండా సూది నూగు. గుత్తుల మీద గిన్నెలు లేవు. మూత్రపిండం ఆకారంలో మామూలు మూతలు, వాటి మీద కూడా నూగే. ఇది ఎవరైనా చూడగానే చెప్పే కాలవ గట్టు మొక్క. నాకు పదేళ్ళప్పుడు దీన్ని గుర్తుపట్టడం నేర్పింది మీరే. అలాంటి మీకు ఇది తెలియలేదంటే నేను నమ్మలేను.

నేనడిగింది కుండీలో ఏముందని. మీరు రాసి పంపింది మీ పాత వ్యాసంలో వర్ణన. పక్కన పెట్టి చూశాను, ఒక్క మాట తేడా లేదు. కాగితం అడిగితే బీరువా దాటదంటారు. ఇవన్నీ కలిపి చూస్తే నాకు ఒక్కటే తోస్తోంది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ అడుగుతున్నాను. అమ్మ మీద ప్రేమకొద్దీ, లేని గిన్నెలు ఉన్నాయని రాశారా? ఒక మామూలు మొక్కకి మీరే కుటుంబం కట్టిపెట్టారా?

పెద్దాయన అడుగుతున్నాడు. ఆయనకి ఏదో ఒకటి చెప్పాలి. ఉన్నది రాస్తే అమ్మ పేరు నా చేత్తోనే కొట్టేయాలి. దాచితే నేను ఈ పనికే తగను. ఈ రెంటి మధ్యా నిద్ర పట్టడం లేదు. మీరు జవాబు చెప్పి తీరాలి.

మీ మేనకోడలు

ఆగస్టు 22

గారట. ఇన్నేళ్ళకి గారూ మీరూ నేర్చుకున్నావన్నమాట.

నీకు జవాబు చెప్పేటంత కిందకి నేను దిగలేదు. కట్టిపెట్టానని రాసుకో. నా పేరు పోతే పోయింది. నువ్వు కొట్టేసేది కన్నతల్లి పేరు, దాంతో నీకు వ్యాసం వస్తుంది, మీ పెద్దాయన భుజం తడతాడు. బాగుపడు.

ఇంక ఆకులు పంపను. ఉత్తరాలూ వద్దు.

సెప్టెంబరు 3

మామయ్యా,

ఉత్తరాలు వద్దన్నావు. అయినా రాస్తున్నాను. ఇది చించి పారేస్తే నా మీద ఒట్టు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత పంతం వచ్చి, నువ్వు రాసినవన్నీ బల్ల మీద వరసగా పరిచాను, నువ్వు ఎక్కడ అబద్ధమాడావో పట్టుకుందామని. మాటల్లో ఏమీ దొరకలేదు. దస్తూరీలో దొరికింది. పోయినేడు నువ్వు రాసిన ఉత్తరంలో చీమల బారు లాంటి అక్షరాలు. జూన్‌లో లావయ్యాయి, పాళీ మొద్దుదన్నావు. జూలైలో వరసలు పక్కకి ఒరిగాయి. మొన్నటి దాంట్లో ఆఖరి వాక్యాన్ని దాని ముందు వాక్యం మీదే రాశావు. "ఉత్తరాలూ వద్దు" అన్నది చదవడానికి దీపం దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. కవరు మీద చిరునామా అసలు నీ దస్తూరీయే కాదు.

నీకు కళ్ళు కనబడటం లేదు కదూ?

అదే నిజమైతే నేను నీకు రాసిన మాటలకి నా చెయ్యి విరగ్గొట్టుకోవాలి. నువ్వు అబద్ధం ఆడలేదు. చూడలేదు, అంతే. ఆ కుండీలో ఏం జరిగిందో నువ్వే నాకు నేర్పావు. ఫెర్న్ బీజాలు దుమ్ముకంటే సన్నం, గాలికి ఎగిరొచ్చి ఏ కుండీలోనైనా దిగుతాయి. ముందు గోరంత పచ్చటి రేకు మొలుస్తుంది, అప్పుడు ఏది ఏ మొక్కో ఎవరికీ తెలియదు. ఆకులు లేచేసరికి పిలవని చుట్టం ఇల్లంతా ఆక్రమించి ఇంటివాళ్ళని గెంటేస్తుంది. నీ అద్దాల గదిలో రోజూ ఉదయం నువ్వు పీకి పారేసేది అవే కదా. పీకడం ఎప్పుడు మానేశావో నాకు తెలియదు. నువ్వు ఇన్నాళ్ళూ నీళ్ళు పోసింది ఆ చుట్టానికి.

ఇప్పుడు నా మాట విను. కళ్ళు వద్దు, వేళ్ళతో ఆ ఆకు వెనక తడిమి చూడు. నూగు తగిలితే, మూల నమూనా నుంచి చిటికెనవేలి గోరంత ముక్క కోసి పంపు. అసలు అమ్మ మొక్క అదొక్కటే. దాంతోపాటు, కుండీలో మొక్కని పొరపాటుగా గుర్తించానని నీ సంతకంతో ఒక కాగితం కావాలి. అది లేకుండా ముందు వచ్చిన ఫలితాలు తీసేయడానికి పెద్దాయన ఒప్పుకోడు. ఆ కాగితం మీ డైరెక్టరు దాకా వెళ్తుందని నాకు తెలుసు. ఫెర్న్‌ల గది చూసుకునేవాడికి ఫెర్న్ కనబడదని తెలిస్తే ఆయన ఏం చేస్తాడో కూడా తెలుసు. అందుకే చెయ్యమని బలవంతపెట్టడం లేదు. నువ్వు పంపకపోతే, ఉన్న ఫలితమే అచ్చుకి వెళ్తుంది. నేను ఆపలేను.

నీ పిడుగు

సెప్టెంబరు 13

పిడుగూ,

కళ్ళజోడు విరిగిందని చెప్పి నీ ఉత్తరాలన్నీ తోటలో లెక్కలు రాసే ఆవిడ చేతే చదివించుకుంటున్నాను, ఇదీ అలాగే. ఆవిడ సగంలో ఆగి, "మిగతాది చదవమంటారా?" అంది. చదవమన్నాను.

తర్వాత కుండీ దగ్గరికి వెళ్ళాను. చెయ్యి చాపడానికి చాలాసేపు పట్టింది. ఆకు వెనక వేలు పెట్టి నడిమి ఈనె వెంట జరిపాను. నూగుంది. గరుగ్గా, గెడ్డం పెరిగిన చెంపలా తగిలింది. నీకు పంపిన ముక్కలు కూడా కత్తెరతో కత్తిరించి వేశాను, రోజూ నీళ్ళు పోస్తూ ఒక్కసారి వెనక తడిమినా తెలిసేది. నా కళ్ళ మీద నమ్మకం చచ్చినా పోలేదు నాకు.

నా జబ్బు విచిత్రమైనది. చుట్టూ అన్నీ కనబడతాయి. తలుపు, బల్ల, కుండీల వరసలు, మనుషులు, అన్నీ. దేన్ని సూటిగా చూస్తానో అది మాత్రం మాయమవుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. గదిలో తడబడకుండా తిరుగుతాను, కుండీలు లెక్కపెట్టి నీళ్ళు పోస్తాను. ఆకు తిరగేస్తే ఆకు ఉండదు. నువ్వు అడిగినప్పుడు వర్ణన నాకు నోటికి వచ్చు కాబట్టి అది రాశాను. కాగితం ఇవ్వననడానికి కారణం కూడా చెబుతాను. బీరువాలో అన్ని కాగితాల మధ్య అది ఏదో నేను చదవలేను. ఇంకొకరిని అడిగితే బయటపడుతుంది. ఈ గది పోతే నేనేం చేస్తానే అని భయం. ఇంతకంటే నాకు వేరే ఇల్లు లేదు.

ఆ భయంలో అక్క మొక్కనే చంపుకున్నాను. ఆ కుండీలో దాని వేరు కూడా మిగల్లేదు.

నిన్న నేనే వెళ్ళి డైరెక్టరుకి చెప్పాను. పూలమొక్కల మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. తాళాలు తీసుకుని నాతో హెర్బేరియంకి వచ్చి, ఒక్కో కాగితం మీద పేరూ పైకి చదవడం మొదలుపెట్టాడు. పాపం లాటిన్ ఆయన నోట నలిగిపోయింది. చదివి చదివి, "ఇది మనిషి పేరులా ఉందండీ" అన్నాడు. "మా అక్కండీ" అన్నాను. ఆయన కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు. గదికి కొత్త మనిషిని చూసుకుంటాననీ, ఏడాది చివరిదాకా క్వార్టర్స్‌లో ఉండమనీ నెమ్మదిగానే చెప్పాడు.

ముక్క నేనే కోశాను. ఆయన కాగితం పట్టుకున్నాడు. ఎడమ వేలితో ఆకు అంచు వెతుక్కుని దాని వెంబడి బ్లేడు నడిపాను. నున్నగా ఉందే. ఇన్నేళ్ళ ఎండు ఆకు, ఇంకా నున్నగానే ఉంది. కానీ నువ్వు అడిగిన మాట నాలో దిగబడిపోయింది. గిన్నెలు నిజంగా చూశానా, అక్క చూడమంది కాబట్టి చూశానా అని ఇప్పుడు నాకే అనుమానం వస్తోంది. యంత్రం ఈసారి కూడా కాలవ గట్టునే చూపిస్తే దాచకు. ఉన్నది రాసెయ్. నీకు చెప్పాను కదా భయమని, అదేం తగ్గలేదు.

సంతకం కాగితం ఇందులోనే ఉంది. గీత పక్కకి పోయి ఉంటే ఏమనుకోవద్దని మీ పెద్దాయనతో చెప్పు.

మామయ్య

సెప్టెంబరు 27

మామయ్యకు,

ఈ ఉత్తరం లెక్కల ఆవిడ చేతే చదివించుకో. ఆవిడకి నా నమస్కారాలు.

నువ్వు పంపిన ముక్క చాలా పాతది కదా, డీఎన్‌ఏ తునకలు తునకలుగా వచ్చింది. వాటిని అతికించేసరికి ప్రాణం పోయింది. ఫలితం యంత్రంలోంచి వచ్చేటప్పుడు తెర వైపు చూడలేక పెద్దాయన్ని చూడమన్నాను.

అది కాలవ గట్టు మొక్క కాదు. దాని దరిదాపుల్లో కూడా లేదు. విడిగా, తనకంటూ ఒక కొమ్మ వేసుకుని నిలబడింది. ప్రజాతి నిలిచింది మామయ్యా. మిగతా సగం కూడా చెప్పేస్తాను, నువ్వే దాచొద్దన్నావు. ఆ కొమ్మ వేరే పాత కుటుంబం లోపలినుంచి మొలిచింది. దాన్ని బయటకి తీసి కుటుంబం అంటే, మిగతావాళ్ళని కూడా ముక్కలు చేయాల్సి వస్తుంది. అందుకని నువ్వు పెట్టిన కుటుంబం ఉండదు. లాటిన్ తోక తెగింది. అమ్మ పేరు మాత్రం అలాగే ఉంది.

గిన్నెలు కూడా చూశాను. నువ్వు కోసిన అంచుకి ఒకే ఒక్క గుత్తి అంటుకుని వచ్చింది. కుచ్చుల గిన్నె. నువ్వు రాసినట్టే ఉంది, అమ్మ నీ మొహం మీద పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే. పెద్దాయన కూడా చూసి, "మీ మామయ్య కళ్ళు మంచివి" అన్నాడు. నేను బయటికి వచ్చేశాను.

నిన్ను అబద్ధాలకోరని అన్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

ఇంకొక మాట. ఆ కాగితం మూలన అమ్మ అతికించిన చిన్న పొట్లం ఉంటుంది, రాలిన బీజాల కోసం. గోధుమరంగు బీజాలు ఏళ్ళ తరబడి బతుకుతాయని నువ్వే చెప్పేవాడివి. డైరెక్టరు గారిని అడిగి చూడు.

పిడుగు

మరుసటి ఏడు, జూలై 20

పిడుగూ,

దీన్ని నేనే రాస్తున్నాను. వరసలు కలవకుండా అట్టముక్కకి గాడులు కోసి కాగితం మీద పెట్టుకున్నాను. చదువుకోగలిగితే మెచ్చుకో.

అద్దె గదిలో బాగానే ఉన్నాను. కిటికీ గట్టు మీద ఒకే ఒక సీసా. పొట్లంలో పొడి సగం నాకిచ్చి, సగం బీరువాలోనే దాచాడు డైరెక్టరు. ఈసారి చుట్టాలెవరూ రాకుండా మట్టి ఉడకబెట్టి, చల్లార్చి, బీజాలు చల్లి, సీసాకి గాజుమూత బిగించాను. నెలలు గడిచాయి, ఏమీ లేదు. ఆశ వదులుకున్నాక, ఓ రోజు ఇంటివాళ్ళావిడ వచ్చి, "లోపల పచ్చగా పాకుడు పట్టిందండీ, కడిగేయనా?" అంది. పాకుడు కాదు, బీజాలు వేసిన తొలి రేకులు. సీసాని రెండు చేతులా పట్టుకుని ఆవిడ వెళ్ళేదాకా వదల్లేదు.

కుటుంబం పోయినందుకు నాకు బాధ లేదని రాయను. ఉంది. వయసులో ఉన్నప్పుడు కట్టుకున్నది కదా. కానీ సీసా దగ్గర కూర్చుంటే అది గుర్తుకు రాదు.

నువ్వు క్షమించమన్నావు, నేను ఇన్నాళ్ళూ ఆ మాటకి జవాబు రాయలేదు. కోపం ఉండి కాదు. నువ్వు ఆ రోజు అంత కటువుగా అడగకపోతే నేను ఇంకా ఆ కుండీకే నీళ్ళు పోస్తూ ఉండేవాణ్ణి.

ఈ ఉదయం మూత తీశాను. ఆకులు నా వేలంత లేచాయి. ఒకదాని వెనక, నడిమి ఈనె వెంట, మొదట్నుంచి చివరిదాకా వేలు జరిపాను. రెండోసారి జరిపాను. నున్నగా ఉంది.

ఈసారి నీకు ముక్కలు తుంచి పంపను. ఉన్నది కొంచెమే. నువ్వే వచ్చి, ఆకు తిరగేసి చూసి చెప్పు. గిన్నెలు రావడానికి ఇంకా టైముంది, వచ్చేదాకా ఉండేటట్టు సెలవు పెట్టుకుని రా.

మామయ్య